జారితే చెయ్యి ఎక్కడికి పోతుంది?

యంత్రం దగ్గర పనికి వెళ్ళేవాళ్ళకి అందరూ చెప్పే మాట ‘జాగ్రత్త’. బయలుదేరేటప్పుడు ఇంట్లోవాళ్ళు చెబుతారు, షెడ్డులో మేస్త్రీ చెబుతాడు, గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డూ అదే చెబుతుంది. మనసు నిలిపి పనిచేయడం మంచి గుణమే, ఏ పనికైనా అది కావాల్సిందే. అయితే తిరుగుతున్న రోలరు పక్కనో, పరిగెత్తే బెల్టు పక్కనో కాలు జారిన మనిషికి ఆ గుణం అక్కరకు రాదు. జారే క్షణంలో ఆలోచనకు చోటుండదు. చెయ్యి తనంతట తనే ముందుకు పోతుంది, ఏది అందితే దాన్ని పట్టుకుంటుంది. అందినది తిరిగే యంత్రమైతే చెయ్యి నలుగుతుంది. అందుకని, పని జరుగుతున్నంతసేపూ ఏకాగ్రతతో ఉండటం మీద చేతుల భద్రతను వదిలెయ్యకూడదని, పని మొదలుపెట్టకముందు నిలబడి వేసుకునే ఒక్క ప్రశ్న దానికన్నా ఎక్కువ కాపాడుతుందని ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నాను. ఆ ప్రశ్న ఇది: ఇక్కడ జారితే నా చెయ్యి ఎక్కడికి పోతుంది?

ముందు శరీరం సంగతి చూద్దాం. పడబోతున్నప్పుడు చేతులు చాపడం మనం ఎక్కడో నేర్చుకున్న అలవాటు కాదు. పసిపిల్లలకు ఏడాది నిండేలోపే అది వచ్చేస్తుంది. తలనీ ముఖాన్నీ కాపాడుకోవడానికి శరీరం చేతులను ముందుకు తోస్తుంది. చాపిన చేతి మీద పడినప్పుడు మణికట్టు దగ్గర ఎముక విరిగే తీరును డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లోనే వివరించాడు, ఆ విరుపును డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎముకల ఆసుపత్రుల్లో అది నిత్యం కనిపించే కేసు. అంటే ఏ యంత్రమూ లేని మామూలు నేల మీద కూడా మనుషులు చేతినే ముందు పెట్టి పడుతున్నారు. ఇక కాలం లెక్క. ఒక మీటరు ఎత్తు నుంచి కిందికి రావడానికి అర సెకను కూడా పట్టదు. ఏదో జరిగిందని గమనించి, కావాలని ఒక కదలిక మొదలుపెట్టడానికి సెకనులో ఐదో వంతు పోతుంది. అనుకోకుండా జరిగినదైతే ఇంకా ఎక్కువే. మిగిలిన ఆ కాస్తలో చేతిని ఇటు కాదు అటు చాపాలని ఎంచుకోవడం ఎవరి వల్లా కాదు. యంత్రాలకు భద్రతా దూరాలు లెక్కకట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13855 కూడా ఈ నిజాన్ని ఒప్పుకునే మొదలవుతుంది. దగ్గరలో ఉన్న చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో ప్రమాదం వైపు రాగలదని లెక్క పెట్టుకుని, ఆ లోపు యంత్రం ఆగేంత దూరం ఉండాలంటుంది. ఆ మనిషి అనుభవజ్ఞుడా, కొత్తవాడా అన్న ప్రశ్నే ఆ లెక్కలో లేదు.

అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే చోట చెరకు గానుగను దృష్టిలో పెట్టుకుందాం. రోలర్ల ముందు నిలబడ్డ మనిషి రెండు మూడు గడలు కలిపి లోపలికి అందిస్తుంటాడు. కాళ్ళ కింద చిందిన రసం బంకగా ఉంటుంది, దాని మీద పిప్పి, ఎండాకు, చెప్పులకు అంటి వచ్చిన మట్టి. గడ లోపలికి పోతున్నకొద్దీ పట్టుకున్న చెయ్యి రోలరుకు దగ్గరవుతుంది. చివరి జానెడు ముక్కను తోసేటప్పుడు ఒళ్ళు కూడా ముందుకు వంగుతుంది. సరిగ్గా అప్పుడే పిప్పి మీద పాదం జారిందనుకోండి. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోలరు సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంటే దాని అంచు ఆ సెకనులో 47 సెంటీమీటర్లు కదులుతుంది. చూసేవాళ్ళకి అదేమంత వేగంగా అనిపించదు. కానీ సెకనులో ఐదో వంతులో అది 9 సెంటీమీటర్లు దాటుతుంది. వేలికొన తగిలిందని మెదడుకు తెలిసి, చేతిని వెనక్కి లాగాలని కండరాలకు ఆజ్ఞ వెళ్ళేలోపే మధ్యవేలు మొత్తం లోపల ఉంటుంది. వేగం సగానికి తగ్గించినా రెండు కణుపులు పోతాయి. ఆ తర్వాత ఎంత బలవంతుడైనా లాక్కోలేడు, చెరకును పిండే ఒత్తిడే వేళ్ళనూ పిండుతుంది. మోటారు ఆపినా బరువైన చక్రం ఉన్న యంత్రం వెంటనే ఆగదు. చేతికి అందేచోట ఎర్ర బటన్ ఉంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆ బటన్ తప్పకుండా ఉండాలి, అది నష్టం ముదరకుండా చూస్తుంది. అంతేగాని చెయ్యి లోపలికి పోకుండా అడ్డుగా బిగించే గార్డు చేయాల్సిన పని అది చేయలేదు. రైస్ మిల్లు బెల్టు, జిన్నింగ్ మిల్లు రోలరు, రబ్బరు కలిపే మిల్లు, చివరికి రోడ్డు పక్కన చెరకు రసం బండి, అన్నిట్లోనూ ఇదే కథ. రెండు తిరిగే భాగాలు ఒకదానికొకటి ఎదురై లోపలికి లాగే ఆ సందు ఎక్కడుందో ముందు కనిపెట్టాలి.

‘ఎప్పుడూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తే జారడమే ఉండదు’ అనేవాళ్ళు ఉన్నారు. మనిషి దృష్టి ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించి చూసిన సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరల ముందు కూర్చునే వాళ్ళు సంకేతాలను ఎందుకు వదిలేస్తున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ బ్రిటన్‌లో గడియారపు ముల్లు లాంటి పరికరంతో పరీక్షలు జరిపి 1948లో ఫలితాలు ప్రచురించాడు. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట గడిచేసరికే కనిపెట్టే శక్తి తగ్గిపోయింది. వాళ్ళు కుర్చీలో కూర్చుని ఒకే పని చూస్తున్నవాళ్ళు. రేకుల షెడ్డులో, మే నెల ఎండలో, చెవులు దిమ్మెక్కే చప్పుడు మధ్య పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి నుంచి అంతకన్నా ఎక్కువ ఎలా ఆశిస్తాం? ఏకాగ్రత మనిషికి ఉన్న శక్తే, కానీ దానికి హద్దు ఉంది. ఆ హద్దు అవతల ఏం జరుగుతుందో ముందే ఆలోచించి పెట్టుకోవడం వ్యక్తిత్వంలో భాగమని నా నమ్మకం.

అన్ని ప్రమాదాలకూ కార్మికుడి నిర్లక్ష్యమే కారణమన్న వాదన చాలా పాతది, దానికో చరిత్ర ఉంది. బ్రిటన్‌లో 1844 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో తిరిగే ఇరుసులకూ చక్రాలకూ కంచె వేయాలంది. దాన్ని గట్టిగా అమలు చేయబోయేసరికి 1855లో మిల్లు యజమానులు సంఘం కట్టి ఎదిరించారు. ఖర్చు ఎక్కువ, అవసరం తక్కువ, తప్పంతా పనివాళ్ళ అజాగ్రత్తదే అన్నది వాళ్ళ వాదన. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రిక ఆ సంఘాన్ని పనివాళ్ళను నలిపేసే సంఘమని దుయ్యబట్టింది. తర్వాత 1931లో అమెరికాలో బీమా కంపెనీ ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిచ్ రాసిన పుస్తకం ఇదే అభిప్రాయానికి ఒక అంకె ఇచ్చింది: 88 శాతం ప్రమాదాలు మనుషుల తప్పుడు పనుల వల్లే అని. ఆ అంకె ఇప్పటికీ భద్రతా తరగతుల్లో వినిపిస్తుంది. కానీ ఆయన చూసినవి బీమా క్లెయిములు, ఫ్యాక్టరీ యజమానుల దగ్గరున్న రికార్డులు. కారణం అనే గడిలో ఏం రాయాలో నిర్ణయించింది చాలావరకు పైవాళ్ళే. నేల మీద నూనె ఎన్నాళ్ళుగా కారుతోంది, గార్డు ఎవరు తీయించారు అన్న ప్రశ్నలకు ఆ గడిలో చోటు లేదు. నిర్లక్ష్యం అసలే ఉండదని నేననను. తాగి యంత్రం ముందుకు రావడం, ఒక చేత్తో ఫోను చూస్తూ ఇంకో చేత్తో సరుకు తోయడం తప్పే. అయితే జారిన కాలును తప్పుగా లెక్కగడితే మరునాడు అదే నేల మీద ఇంకొకరు జారుతారు.

కాబట్టి ప్రశ్నకు మొదటి జవాబు కాళ్ళ కింద వెతకాలి. రైస్ మిల్లులో నున్నటి సిమెంటు గచ్చు మీద చెదిరిన ధాన్యం గింజలు పాదం కింద దొర్లుతాయి, తవుడు పొరలా పేరుకుంటుంది. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో మంచునీళ్ళు, చీమకుర్తి గ్రానైటు కోత దగ్గర రాతిపొడి కలిసిన బురద, నూనె మిల్లుల్లో సరేసరి. తుడవడం రెండో పని. ఆ చుక్క ఎక్కడి నుంచి కారుతోందో చూడటం మొదటి పని. గేరు బాక్సు సీలు పోయి నూనె కారుతుంటే రోజుకు పదిసార్లు తుడిచినా పదకొండోసారి ఎవరో ఒకరు తొక్కుతారు. సీలు మార్చేదాకా కింద రేకు తట్ట పెట్టండి. రసం చిందే గానుగకు చుట్టూ కాలువ తీసి వాలు పెడితే నిలబడే చోటు పొడిగా ఉంటుంది. నూనె మీద ఉత్త నీళ్ళు పోస్తే అది ఇంకా పరుచుకుంటుంది, సబ్బు పెట్టి కడగాలి. రంపపు పొట్టు చల్లితే పీల్చుకున్నాక ఊడ్చి ఎత్తెయ్యాలి, వదిలేస్తే కింద నూనె కనపడకుండా పోతుంది. ఈ కడగడం, ఊడ్వడం యంత్రం ఆపినప్పుడే చేయాలి. ఇక అరిగిన హవాయి చెప్పులతో యంత్రం ముందు నిలబడటం మన దగ్గర మామూలైపోయింది. గాడులున్న అడుగుతో, మడమను పట్టి ఉంచే బూటు ఇప్పించమని అడగండి, ఇప్పించేదాకా అడుగుతూనే ఉండండి.

రెండో జవాబు చేతిలో ఉంది. జారేది పాదం ఒక్కటే కాదు, పనిముట్టు కూడా జారుతుంది. బిగుసుకుపోయిన బోల్టును స్పానరుతో తిప్పుతున్నప్పుడు బలమంతా పెట్టి ముందుకు నెడితే, అది తప్పిన మరుక్షణం పిడికిలి ఎదురుగా ఉన్నదానికి వెళ్ళి కొట్టుకుంటుంది. అదే స్పానరును తన వైపు లాక్కునేలా నిలబడితే చెయ్యి ఖాళీ చోటులోకే వస్తుంది. ఇంతే తేడా, దీనికి పైసా ఖర్చు లేదు. ప్రతి నెట్టుడుకూ లాగుడుకూ ముందు ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే నిలబడే చోటు దానంతటదే మారుతుంది. చేతి తొడుగుల విషయంలో చాలామంది పొరబడతారు. రేకు అంచులు పట్టుకోవడానికి, వేడి వస్తువులకు తొడుగులు కావాలి. కానీ లేత్, డ్రిల్లింగ్ మెషీన్, రోలర్ల లాంటి తిరిగే భాగాల దగ్గర తొడుగు వేలికన్నా ముందు చిక్కుకుని చేతిని కూడా లాక్కుపోతుంది. ఉంగరం, గాజులు, మణికట్టుకు కట్టిన దారం, మెళ్ళో తువ్వాలు, చున్నీ, చీర కొంగు, లుంగీ అంచు కూడా అంతే. దారాన్ని వదిలెయ్యడానికి మనసొప్పకపోతే విప్పి చొక్కా జేబులో పెట్టుకోండి, ఇంటికి వెళ్ళాక కట్టుకోవచ్చు.

మూడో జవాబు గార్డు. నేల ఎంత పొడిగా ఉన్నా, ఎంత బాగా నిలబడ్డా ఏదో ఒకరోజు జారతాం. ఆ రోజు చెయ్యి వెళ్ళి తగిలేది ఇనప జాలీ కావాలి. జాలీ ఉంటే చాలదు, దాని సందు ఎంత, అది ఎంత దూరంలో ఉంది అన్నది చూడాలి. 12 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పున్న సందులోంచి వేళ్ళు దూరతాయి గనుక తిరిగే భాగం కనీసం 12 సెంటీమీటర్లు లోపలికి ఉండాలని ఐఎస్ఓ 13857 చెబుతుంది. ఇలాంటి దూరం ఏం చేయగలదో మన దేశపు నూర్పిడి యంత్రాలే చెబుతాయి. హరిత విప్లవం వచ్చాక ఉత్తర భారతంలో గోధుమ నూర్చే యంత్రాలు ఎందరో రైతుల, కూలీల చేతులు తీసుకున్నాయి. నిద్రమత్తుతో, రాత్రిళ్ళు, పంట కుప్పల మీద నిలబడి చేసే పని అది. ఢిల్లీ ఐఐటీలో దినేశ్ మోహన్ లాంటి పరిశోధకులు పల్లెల్లో పనిముట్ల ప్రమాదాలను అధ్యయనం చేశారు, 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. పైరు వేసే తొట్టి ఎంత పొడవుండాలో, ఎంతమేర మూసి ఉండాలో ప్రమాణాలు నిర్ణయించారు. చెయ్యి చాపినా లోపలి డ్రమ్ము అందకూడదన్నదే వాటి సారం. రైతును మార్చాలని ఎవరూ అనుకోలేదు, తొట్టిని పొడవు చేశారు.

గార్డు ఉన్నా చేతులు పోయే సందర్భం ఒకటుంది: సరుకు అడ్డం పడినప్పుడు, లేదా శుభ్రం చేసేటప్పుడు. యంత్రం ఆపితే మళ్ళీ ఎక్కించడానికి పావుగంట పడుతుందని, తిరుగుతుండగానే ఇరుక్కున్నదాన్ని వేళ్ళతో లాగుతారు. చక్రం పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకూడదు. ఆపినవాడు తప్ప వేరొకరు మళ్ళీ వేయకుండా మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. అవతల గదిలోని మనిషి కరెంటు వచ్చిందనుకుని స్టార్టరు నొక్కడం వల్ల జరిగే ప్రమాదానికి ఇది ఒక్కటే మందు. తాళం ఖరీదు రెండు మూడు వందల రూపాయలు.

‘గార్డు పెడితే పని సాగదు, పీసు లెక్కన కూలి మాది’ అన్న అభ్యంతరం నిజమైనదే, కొట్టిపారేయలేం. సరిగా అమర్చని గార్డు పనికి అడ్డమే, నాలుగు బోల్టులు విప్పితే తప్ప శుభ్రం చేయలేని గార్డును రెండో వారానికే తీసి మూలన పడేస్తారు. అందుకే అది మడతబందులతో తెరుచుకోవాలి, తెరవగానే మోటారు ఆగిపోయే స్విచ్ దానికి ఉండాలి, దాన్ని చేయించేటప్పుడు రోజూ ఆ యంత్రం మీద పనిచేసేవాళ్ళను అడగాలి. ‘ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకేం కాలేదు’ అనే పెద్దవాళ్ళ మాటకు గౌరవంతోనే జవాబు చెప్పాలి. ఆ ఇరవై ఏళ్ళూ ఆయన నైపుణ్యం నిజమే. కానీ ఈ రోజు కారిన నూనెకు ఆయన అనుభవం తెలియదు. పైగా ఆయనను చూసి నేర్చుకునే కుర్రవాడికి ఆ నైపుణ్యం ఇంకా రాలేదు, గార్డు లేకుండా చేసే అలవాటు మాత్రం వచ్చేస్తుంది.

ఇవన్నీ యజమాని చేయాల్సినవి కదా, కాంట్రాక్టు కూలీ ఏం చేయగలడు అని అడగొచ్చు. అవును, పెద్ద భారం యజమానిదే. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ప్రమాదకరమైన భాగాలకు కంచె వేయాలంది, 32వ సెక్షన్ నేల మీద జారే పదార్థాలు లేకుండా చూడాలంది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చినా యజమాని బాధ్యత తీరిపోలేదు. అయినా హర్యానాలో ఆటో విడిభాగాల చిన్న ఫ్యాక్టరీల మీద సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి వెలువరిస్తున్న నివేదికలు చదివితే, పవర్ ప్రెస్సుల కింద వేళ్ళు పోగొట్టుకున్న యువకుల వరస ఆగలేదని తెలుస్తుంది. వాళ్ళలో ఎక్కువమంది ఊరు వదిలి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, చూపుడు వేలు 14 శాతం, చిటికెన వేలు 7 శాతం సంపాదన శక్తి పోయినట్టు రాశారు. చూపుడు వేలు పోయిన టైలరుకు, ఫిట్టరుకు ఆ 14 ఏ మూలకు సరిపోతుంది? కానీ హక్కు హక్కే, వదులుకోకూడదు. కార్మికుడి ప్రవర్తనను చూపి యజమాని తప్పించుకోగల సందర్భాలు ఆ చట్టంలో రాసినవి మూడే: తాగి ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, గార్డును కావాలని తీసేయడం. కాలు జారడం ఆ మూడింట్లో లేదు. అందువల్ల ఆసుపత్రిలో ‘ఇంట్లో జరిగింది’ అని రాయించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఏ యంత్రం దగ్గర, ఏ సమయానికి, ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయించండి. ఈఎస్ఐ కార్డు ఉంటే ప్రమాదాన్ని దాని కింద నమోదు చేయించండి.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే, మొదటి పని మెయిన్ ఆపడం. చిక్కుకున్న చేతిని లాగకూడదు, తెలియకుండా యంత్రాన్ని వెనక్కి తిప్పకూడదు, రోలర్లు వదులు చేసి తీయాలి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి చేతిని పైకెత్తి ఉంచాలి. వేలు తెగిపడితే మంచినీళ్ళతో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, ఆ కవరును మంచుముక్కలు కలిపిన నీళ్ళలో ఉంచి తీసుకెళ్ళాలి. మంచు నేరుగా వేలికి తగలకూడదు, తగిలితే కణాలు చచ్చి అతకడానికి పనికిరాదు. ఆలస్యమైనకొద్దీ అతికే అవకాశం తగ్గుతుంది, కాబట్టి వేళ్ళు అతికే సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో, దాని ఫోను నంబరేదో ప్రమాదం జరగకముందే స్టార్టరు పక్కన గోడ మీద రాసి ఉంచండి.

మిల్లు నడిపేవారికి ఒక మాట. మీ షెడ్డు మూలలో ఎప్పుడో విప్పి పెట్టిన గార్డు ఒకటి ఉండే ఉంటుంది. రేపు పొద్దున మోటారు వేయకముందే దాన్ని దుమ్ము దులిపి బిగించండి. అది యంత్రానికి సరిపోకపోతే వెల్డింగ్ షాపుకు పంపి, పనివాళ్ళతో మాట్లాడి మార్పించండి. అది తిరిగి వచ్చేదాకా ఆ యంత్రాన్ని నడపకండి.